ఇన్‌సుక్ బస్సు దిగలేదు

అరవై నాలుగేళ్ళ మా అక్క సున్‌రేకు మార్చిలో బడి మొదలవ్వాలి. చిన్నప్పుడు చదువు ఆగిపోయిన ఆడవాళ్ళ కోసం మా ఊరు డేగులో నడిచే బడి అది. రెండేళ్ళు కూర్చుంటే మిడిల్ స్కూలు సర్టిఫికెట్టు చేతిలో పెడతారు. అక్క ఏడాదిన్నర ఎదురుచూసి సీటు తెచ్చుకుంది. పుస్తకాల సంచీ తనే కుట్టుకుంది, లోపల పెన్సిళ్ళకు వేరే అర పెట్టి మరీ.

జనవరిలో, దూరాన పొహాంగ్‌లో ఉండే తేసిక్‌కు, అక్కకు తమ్ముడు, నాకు అన్నయ్య, పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వదిన పోయి నాలుగేళ్ళయింది. కొడుకు ఓడల మీద పనిచేస్తూ ఏడాదికోసారి కనబడతాడు. ఫిబ్రవరి నెలాఖరుకు ఇంటికి తీసుకెళ్ళమని ఆసుపత్రి వాళ్ళు చెప్పేసరికి అన్నయ్య ఫోన్లో అక్క దగ్గర ఏడ్చాడట. నా దగ్గర ఏడవలేదు. నేను పోస్టాఫీసులో ముందుగానే రిటైరై ఏడాదవుతోంది. మొగుడు లేడు, పిల్లల్లేరు, కొండలెక్కడం, పుస్తకాలు చదవడం తప్ప పని లేదు. అయినా నన్నెవరూ అడగలేదు. అడగమని నేనూ చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం లోగా వచ్చేదీ లేనిదీ తేల్చి చెప్పమని బడి నుంచి అక్కకు కబురొచ్చింది. రానని చెప్పేస్తానంది అక్క. అరిచాను, బతిమాలాను. అన్నయ్యను నర్సింగ్ హోమ్‌లో చేర్చుదామన్నాను. "పరాయివాళ్ళ చేతుల్లో పెట్టను" అంది. మూడు రోజులు మాట్లాడటం మానేసి కూడా చూశాను. దానివల్ల నా ఇంట్లో అక్క పెట్టిచ్చే కిమ్చి పచ్చడి డబ్బా ఖాళీ కావడం తప్ప ఒరిగిందేమీ లేదు.

ఆ వారంలోనే, బుధవారం నాడు, మా పేట లైబ్రరీ మేడ మీద ఆరుగురు ఆడవాళ్ళ ముందు నా పరువు పోయింది.

మాదో చిన్న గుంపు, అందరం యాభై దాటినవాళ్ళమే. చిన్నప్పుడు చదివిన పుస్తకాలు మళ్ళీ చదువుతాం. దానికో పద్ధతి పెట్టుకున్నాం. పుస్తకం తెరవకముందే ఎవరికి గుర్తున్న కథ వాళ్ళు చెప్పాలి, ఆ తర్వాతే తెరవాలి. పోయిన నెల ఒకావిడ, కథలో ఎక్కడా లేని కుక్కను పట్టుకొచ్చి, అది చచ్చిపోయిందని కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఈసారి వంతు ఆరు భాగాల పిల్లల నవల 'కొండమలుపు ఇల్లు'ది. అమ్మ లేని అయిదుగురు పిల్లలు, దూరాన బొగ్గు గనిలో పనిచేసే నాన్న, పదిహేనేళ్ళ పెద్దక్క ఇన్‌సుక్. ఇంటెడు చాకిరీ చేస్తుంది, తమ్ముళ్ళ చొక్కాలకు మాసికలు వేస్తుంది, ఒక్క మాట అనదు. మా తరంలో ఆ పిల్లను ప్రేమించని ఆడపిల్ల లేదు. ఈ మధ్య మళ్ళీ అచ్చేశారు. అట్ట మీద ఇన్‌సుక్‌కు సినిమా తార ముక్కు పెట్టి పాడుచేశారు గానీ.

నా వంతు రాగానే ఆరో భాగం ముగింపు అందుకున్నాను. ఇన్‌సుక్ చదువు కోసం పట్నం బస్సెక్కుతుంది, తర్వాతి స్టాపులోనే దిగిపోతుంది, మంచులో నడుచుకుంటూ వెనక్కొస్తుంది, వాకిట్లో చెప్పుల్లేకుండా నిలబడ్డ చిన్న తమ్ముణ్ణి ఎత్తుకుని లోపలికొచ్చి బట్టల మూట విప్పుతుంది. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకూ ఏడుపొస్తోంది కాబోలనుకున్నాను.

మా గుంపులో పెద్దావిడ ఇమ్ గారు. లెక్కల టీచరుగా పనిచేసింది. కళ్ళజోడు సర్దుకుని ఆఖరి పేజీలు తిప్పింది.

"యొన్‌హ్వా గారూ, ఇన్‌సుక్ బస్సు దిగలేదండీ."

"కొత్త అచ్చు కదా, మార్చేసి ఉంటారు."

"నా దగ్గర పాతదే ఉందమ్మా" అంటూ ఇంకొకావిడ పసుపెక్కిన పుస్తకం బల్ల మీద పెట్టింది. అందులోనూ దిగలేదు. బస్సు కొండమలుపు తిరిగింది, ఇన్‌సుక్ వెనక్కి చూడలేదు, అంతే కథ.

"మా కుక్కే నయం!" అంది పోయిన నెల ఏడ్చినావిడ. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు సగంలో ఉండగానే నాకు గుర్తొచ్చింది. ఆ ముగింపు ఏ రచయితా రాయలేదు. నేను కల్పించాను.

అప్పుడు నాకు పదేళ్ళు, అక్కకు పదిహేడు. నాన్న లేడు. అమ్మ సంతలో చేపలమ్మేది. అక్క ఆరో తరగతితో చదువు మానేసి, ఇంట్లో మిషను మీద ఫ్యాక్టరీకి చేతి తొడుగులు కుట్టేది. అక్కకు చదవడం రాక కాదు, చేతులు ఖాళీ లేక నాచేత చదివించుకునేది. మధ్యాహ్నం బడి నుంచి రాగానే మిషను చప్పుడును మించి గొంతు చించుకుని చదివేదాన్ని. క్లాసు బీరువాలో పుస్తకం మర్నాడు పొద్దున్నే అప్పజెప్పాలి కాబట్టి అక్క ఏ పుస్తకాన్నీ తెరిచి చూసుకున్నది లేదు. నేను సంచీ దించకముందే, "దానికి జ్వరం తగ్గిందేమో చూడవే" అనేది. దానికి అంటే ఇన్‌సుక్‌కు.

ఆ చలికాలమే గుమీ అనే ఊళ్ళో ఒక నూలు మిల్లు, పగలు పని, సాయంత్రం చదువు అని ఆడపిల్లల్ని చేర్చుకుంటోంది. అక్క దరఖాస్తు తెచ్చి, నింపి, మిషను మీద పరిచిన గుడ్డ కింద దాచింది. మాకున్నది ఒక్క గది, అందులో నా కంట పడనిదేముంటుంది? ఆరో భాగం నేను బడిలోనే ముందుగా చదివేశాను. ఇన్‌సుక్ వెళ్ళిపోయిందని చూసి మరుగుదొడ్డిలో కూర్చుని ఏడ్చాను. ఇంటికొచ్చి, పుస్తకం తెరిచి, పేజీ మీద కళ్ళు పెట్టుకుని, అందులో లేని మాటలు చదివాను. పేజీలు కూడా సరైన చోట తిప్పాను.

అక్క మిషను ఆపి విన్నది. అయిపోయాక చేతిలో ఉన్న తొడుగుతో ముక్కు తుడుచుకుని, "మంచి పిల్ల" అంది. నెల తర్వాత నాకు గౌను కుట్టింది. నా చెయ్యి కొలత గీసుకున్న కాగితం తిప్పి చూస్తే గుమీ మిల్లు ముద్ర ఉంది, అక్క పంపని దరఖాస్తు. నాకు సంతోషమేసింది. ఆ సంతోషం ఇప్పటికీ ఒంట్లో గుర్తుంది, దాన్నేం చేసుకోవాలో తెలియడం లేదు. తర్వాత ఆ కథ ఎంతమందికి చెప్పానో. చెప్పగా చెప్పగా నాకే అచ్చులో చూసినట్టయింది.

గురువారం పొద్దున్నే ఆరో భాగం సంచీలో వేసుకుని అక్క కొట్టుకు వెళ్ళాను. సంతలో చేపల వరస దాటాక రెండు బారల వెడల్పు కొట్టు. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం అక్క పని.

"వచ్చావా? మూగనోము అయిపోయిందా?" అంది తలెత్తకుండా. "ఆ ప్యాంట్ల మీద కూచోకు, స్టూలు లాక్కో. తిన్నావా?"

"తిన్నాలే. అక్కా, ఇన్‌సుక్ బస్సు దిగలేదు."

"ఏ ఇన్‌సుక్?" అని, అంతలోనే నవ్వింది. "ఓ, మన ఇన్‌సుకా! పొద్దున్నే అదెందుకు గుర్తొచ్చిందే నీకు?"

చెప్పాను. మరుగుదొడ్డిలో ఏడవడం, దరఖాస్తు చూడడం, అబద్ధం చదవడం, అన్నీ. చెబుతూ ఏడ్చాను, యాభై ఏడేళ్ళ ముఖం పెట్టుకుని. ఎదురు కొట్టులో వెల్లుల్లి వలిచే ముసలావిడ చెయ్యాపి మరీ చూసింది. అక్కకు కోపమొస్తుందని ఎదురుచూశాను. రావాలనే కోరుకున్నాను.

"ఓసినీ!" అంది అక్క. "పదేళ్ళ పిల్లవి, అప్పటికప్పుడు అంత బాగా ఎలా అల్లావే? ఆ చిన్నాడు చెప్పుల్లేకుండా నిలబడ్డం కూడా నీదేనా?"

"నాదే."

"నన్ను అక్కడే కదే ఏడిపించావు. పోస్టాఫీసులో ముద్రలు కొట్టుకుంటూ పాడైపోయావు గానీ నువ్వు పుస్తకాలు రాయాల్సిందానివి."

"అక్కా! నావల్ల నీ చదువు పోయింది."

"నువ్వు చెప్పకపోయినా నేను వెళ్ళేదాన్ని కాదులే" అంది.

అది నిజమో, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నదో నాకు ఈ రోజుకీ తెలియదు.

"సరే, అయితే ఇప్పుడు వెళ్ళు. పొహాంగ్‌కు నేను పోతాను" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడానికి నెలపైన పట్టింది.

అక్క కళ్ళజోడు మీదుగా చూసింది. "నువ్వా?"

"నేనే. నేర్చుకుంటాను."

"నేలకేసి చూస్తూ చెబుతున్నావేంటే? నా మొహం చూసి చెప్పు." చూడలేకపోయాను. అక్క మెత్తబడింది. "నువ్వు డైపరు మార్చడానికొస్తే వాడు సిగ్గుతో ఉచ్చ బిగబట్టుకుని చస్తాడు. నేనంటావా, వాడి ముడ్డి కడిగి పెంచినదాన్నే. నాకెందుకు సిగ్గు?"

చెప్పుకోవడానికి నోరు రావడం లేదు గానీ, ఆ మాటకు నాకు హాయిగా ఊపిరాడింది. ఆ వెంటనే నా మీద నాకే రోత పుట్టింది. రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, రెండూ నిజమే.

"ఇంతకీ అసలుదెలా ఉందో చదవవే" అంది అక్క, నల్లదారం ఎక్కిస్తూ. "నే కుట్టుకుంటూ వింటా."

చదివాను. నా ముగింపు కంటే అసలుది పొట్టిది. ఇన్‌సుక్ మూట సర్దుకుంటుంది. తమ్ముళ్ళు, చెల్లెలు పెరట్లో ఆడుకుంటుంటే ముందు వాకిలి నుంచి వెళ్ళిపోతుంది. సాయంత్రం నాలుగున్నర బస్సు. కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. మలుపులో ఇల్లు కనబడే చోట అందరూ అటు చూస్తారు, ఇన్‌సుక్ ఎదర ఉన్న రోడ్డు చూస్తుంది. పట్నం బడిలో ఎక్కాల్సిన మెట్లు ఎన్నో లెక్క వేసుకుంటుంది.

మిషను ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"వెనక్కి చూడలేదా?"

"చూడలేదు."

అక్క సూది కింద ప్యాంటు అలాగే వదిలేసి కూర్చుంది. ముఖం ఎర్రబడింది. పెదవులు కదిలాయి. ఆ పిల్లతోపాటు తనూ ఆ బస్సులో కూర్చున్నట్టు కొట్టు బయటికి, రోడ్డుకేసి చూసింది. గెలిచాననుకున్నాను. రేపు బడికి ఫోను చేసి వస్తున్నానని చెబుతుంది, అన్నయ్య సంగతి ఏదో ఒకటి చూసుకుంటాం, నర్సును పెడతాం, నేను వారానికి నాలుగు రోజులు వెళతాను, అన్నీ అర నిమిషంలో అనేసుకున్నాను.

"బస్సు నాలుగున్నరకన్నావు కదూ" అంది అక్క.

"ఊఁ."

"నాన్న గని నుంచి ఎప్పుడొస్తాడు?"

"వారానికోసారి."

"మరి ఆ పూట పిల్లలకు అన్నం ఎవరు వండారే?"

ఆఖరి పేజీ మళ్ళీ చూశాను. "రాయలేదు" అన్నాను.

"సరిగ్గా చూడవే. అంత పెద్ద పుస్తకం, ఎక్కడో ఓ చోట రాసే ఉంటారు."

వెతికాను. పేజీ తిప్పితే అచ్చేసిన వాళ్ళ చిరునామా, మిగతా భాగాల పేర్లు. అటు తర్వాత అట్ట. "లేదక్కా" అన్నాను.

"అయితే ఎవరూ వండలేదన్న మాట" అంది అక్క.

ప్యాంటు తీసి పక్కన పెట్టింది. శుక్రవారం దాకా ఆగలేదు. చేతులు తుడుచుకుని ఫోను తీసి, ఒక్కో అంకె చూసి చూసి నొక్కింది.

"అమ్మా, నమస్కారమండీ. కొత్త క్లాసులో సున్‌రేనండీ... ఆఁ, సంచీ కుట్టుకుని చూపించాను కదూ, ఆ సున్‌రేనే. నేను రాలేనండీ. తమ్ముడికి బాగాలేదు... వచ్చే ఏడా? వచ్చే ఏడు మాట ఎవరికి తెలుసండీ. నా చోటు ఇంకొకళ్ళకు ఇచ్చెయ్యండి. ఇవాళే చెప్పెయ్యండి, పాపం ఎదురు చూస్తుంటారు."

ఫోనులో కనబడని ఆ మనిషికి రెండుసార్లు నడుం వంచి మరీ దండం పెట్టింది. ఆ ఫోను లాక్కోవాలనిపించింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలాగే స్టూలు మీద కూర్చున్నాను.

చెల్లెలు వండిందని చెప్పి ఉండాల్సింది. పేజీ మీద కళ్ళు పెట్టుకుని, చెల్లెలు పొయ్యి రాజేసింది, అందరూ కడుపు నిండా తిన్నారు, ఎవరూ ఏడవలేదు అని చదివేస్తే సరిపోయేది. అక్క నమ్మేది. పదేళ్ళప్పుడు తడుముకోకుండా వచ్చిన అబద్ధం, అవసరమైన ఆ ఒక్క రోజు నాకు నోటికి రాలేదు.