మెడ మీది బొట్టు

నేను ఒక ట్రయల్స్ మోటార్ సైకిల్ని. నన్ను చూసినవాళ్లు ముందు "సీటేదీ?" అని అడుగుతారు. తర్వాత తప్పకుండా "మైలేజీ ఎంత ఇస్తది?" అంటారు. నాకు సీటు లేదు, హెడ్‌లైటు లేదు, చెప్పుకోదగ్గ వేగమూ లేదు. కాలు నేలకు ఆనించకుండా, నిలబడి నడిపే మనిషిని బండరాళ్లు ఎక్కించడానికి పుట్టినదాన్ని. మా ఆటలో కాలు మోపిన ప్రతిసారీ ఒక మార్కు పడుతుంది. తక్కువ మార్కులు వచ్చినవాళ్లే గెలుస్తారు. ఒక్క మార్కు తగ్గితే పిల్లల వీపు చిట్లగొట్టే ఈ దేశానికి నేనెలా వచ్చానా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పుట్టింది స్పెయిన్‌లో, కొండల నడుమ ఒక చిన్న కార్ఖానాలో. అక్కడి ముసలి వెల్డరు నా మెడను, అంటే హ్యాండిల్ తిరిగే గొట్టం వచ్చి ఫ్రేముకు కలిసే చోటును, ఓపిగ్గా అతికాడు. చల్లారాక బొటనవేలితో చుట్టూ ఒకసారి తడిమి చూసి, తల ఊపి, పక్క బండి దగ్గరికి వెళ్లిపోయాడు. నా బతుకంతా ఆ చోటు చుట్టూనే తిరుగుతుందని అప్పుడు నాకు తెలియదు.

ఓడెక్కి వచ్చి హైదరాబాదులో శశాంక్ అనే యువకుడి చేతిలో పడ్డాను. రోజూ తుడిచేవాడు, గొలుసుకు నూనె పెట్టేవాడు. ఒకనాడు స్నేహితుడు వీడియో తీస్తుంటే ఎత్తైన గోడ మీంచి నన్ను దూకించాడు. ముందు చక్రం అడ్డంగా దిగింది. ఇంటికి తెచ్చి కడుగుతుంటే నా మెడ దగ్గర వెంట్రుక మందాన పగులు అతని వేలికి తగిలింది. ఆ వేలు చాలాసేపు అక్కడే ఉండిపోయింది. శశాంక్ చెడ్డవాడని నేను అనను. పిరికివాడు. పగులును పుట్టీతో పూడ్చాడు, పైన రంగు కొట్టాడు. రంగు కొత్తగా కనబడుతోందని భయం వేసి, పూజగదిలోంచి భరిణె తెచ్చి, సరిగ్గా ఆ చోటనే దట్టంగా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. దసరా వెళ్లి అప్పటికే మూడు నెలలైంది.

అమ్మకానికి పెట్టిన నన్ను కొనడానికి కరీంనగర్ నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు స్వరూప, ముప్పై దాటిన మనిషి, బడిలో ఆటల టీచరు. పాత బండిని కోసి తానే తయారు చేసుకున్న డొక్కు ట్రయల్స్ బండితో మూడేళ్లు రాళ్లెక్కింది. మార్చిలో బెంగళూరులో జరిగే పోటీలో నిలబడాలని ఆమె కోరిక. రెండోవాడు మెకానిక్ జహంగీర్. ఆమె చిన్నప్పటి నుంచీ చాచా అని పిలిచే మనిషి.

బండిని చూడటమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. జహంగీర్ మొట్టమొదట నా ఇంజన్ మీద అరచేయి పెట్టాడు.

"వేడిగున్నది. ముందే స్టార్ట్ చేసిండ్రా సార్?"

"మీరొస్తున్నారని జస్ట్ ఇప్పుడే..." అని నసిగాడు శశాంక్.

"పర్లేదు, సల్లారనియుండ్రి. సల్లటి ఇంజన్ ఒక్క కిక్కుకు లేస్తదా లేదా, అది సూడాలె."

గంటసేపు కూర్చున్నారు. ఆ గంటలో కడుపు కింది కాపు ప్లేటు విప్పించాడు. "బండి తన దెబ్బలన్నీ ఈడనే దాస్తది బిడ్డా" అంటూ టార్చి వేసి ఇంజన్ అడుగుభాగమంతా వెతికాడు. స్పోకులను ఒక్కొక్కటిగా పానాతో తట్టి చెవి పెట్టి విన్నాడు. వదులైన స్పోకు మొద్దుగా పలుకుతుంది. వెనక చక్రం లేపి అటూ ఇటూ ఊపాడు, ముందు చక్రం లేపి హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పాడు. గేరు నూనెను వేళ్ల మధ్య రుద్ది చూశాడు. పాలలా తెల్లబడితే లోపలికి నీళ్లు చేరినట్టట. ఇంజన్ చల్లారాక తన్నితే మొదటి కిక్కుకే లేచాను. ఇన్నేళ్లలో నన్ను అంత మర్యాదగా చూసినవాళ్లు లేరు.

చివరికి తడి గుడ్డతో నా మెడ దగ్గరికి వచ్చాడు. చేయి అక్కడ ఆగిపోయింది.

నలభై ఏళ్లుగా దసరా ముందు రోజు ఊళ్లో సగం బళ్లు కడిగిన చేయి అది. ఎన్ని కడిగినా పాత బొట్టు మాత్రం ఎప్పుడూ తను తుడవలేదు. అది పెట్టినవాళ్లే తుడుచుకోవాలని అతని నియమం.

"గిది నేను తుడువ బిడ్డా. నువ్వు తుడుస్తవా?"

స్వరూప బొట్టును తాకి కళ్లకద్దుకుంది. "వద్దు చాచా. కొనంగనే బొట్టు తీస్తే మంచిగుండది."

"మా అమ్మ పెట్టింది" అన్నాడు శశాంక్, వేరే వైపు చూస్తూ.

ఆ ఒక్క మాటతో బేరం కుదిరిపోయింది. కొనవచ్చిన ఇద్దరూ చూపింది గౌరవమే. నేను అరవాలనుకున్నాను, కానీ నాకున్న గొంతు ఇంజన్ ఒక్కటే, అది ఆ రోజు చాలా చక్కగా పాడింది.

కరీంనగర్ శివార్లలో వదిలేసిన గ్రానైట్ క్వారీలో నలభై రోజులు సాధన చేశాం. స్వరూప లాంటి చేతులు నేను ఎరగను. రాయి ముందు ఆగి, ఊపిరి బిగబట్టి, క్లచ్ మీద ఒకే వేలు పెట్టి, అడిగినట్టుగా పైకి తీసుకుపోయేది. నెల తిరిగేసరికి నా మెడలో కిర్రుమనే చప్పుడు మొదలైంది. చెప్పగలిగినంత గట్టిగానే చెప్పాను. జహంగీర్ బేరింగు అనుకుని గ్రీజు పెట్టాడు.

పోటీకి పది రోజులుందనగా, నిలువెత్తు బండ మీంచి దిగుతుంటే నా మెడ విరిగింది. ఆమె కుడిచేయి కింద పడింది, దాని మీద నేను పడ్డాను. మోయవలసినదాన్ని, మోపైపోయాను. ఆ సిగ్గు నాకు తుప్పుకన్నా ముందు పట్టింది.

మణికట్టు రెండుచోట్ల విరిగిందని ఆసుపత్రిలో చెప్పారు. శశాంక్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. జహంగీర్ తన షెడ్డులో నా తెగిన మెడను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గోటితో గీరితే కుంకుమ, రంగు, దాని కింద తెల్లటి పుట్టీ పెళ్లలుగా రాలాయి.

"గుడ్డ నా చేతులనే ఉండె" అన్నాడు ఎవరితోనూ కాకుండా. "తడిపే ఉండె."

నన్ను పాతసామానుకు వేయలేదు. ఫ్రేమును గోడకు తగిలించాడు. పాత బండి కొనేముందు సలహాకని వచ్చేవాళ్లను ముందు నా దగ్గరికి తీసుకొస్తాడు. "గీడ పట్టి సూడు" అని వాళ్ల బొటనవేలును నా పగులు మీద పెట్టిస్తాడు.

ఏడాదిన్నర తర్వాత వరంగల్ నుంచి ఒక పెద్దమనిషి తన ట్రయల్స్ బండిని ఆటో ట్రాలీలో వేసుకొచ్చాడు. కొనేది స్వరూప. జహంగీర్ అరచేయి, చల్లటి ఇంజన్, స్పోకులు, నూనె, అన్నీ వరసగా అయ్యాయి. ఇక మెడ మిగిలింది. అక్కడ బొట్టుంది.

స్వరూప గోడ మీది నా వైపు ఒక్కసారి చూసి, గుడ్డ తడిపింది.

"తప్పుగ అనుకోకుండ్రి అన్నా."

"తుడువమ్మా. సూసుకునేటిది సూసుకోవాలె గద" అన్నాడాయన.

తుడిచింది. జహంగీర్ టార్చి వేశాడు. ఆమె బొటనవేలితో చుట్టూ తడిమింది, పుట్టినచోట ఆ ముసలి వెల్డరు తడిమినట్టే. అతుకు శుభ్రంగా ఉంది. అప్పుడు జహంగీర్ పనిముట్ల పెట్టె తెరిచి, పానాల మధ్యలోంచి చిన్న స్టీలు కుంకుమ భరిణె తీశాడు. నేను విరిగిన వారానికి కొన్నది అది. మూత తీసి ఆమె ముందు పట్టుకున్నాడు.

"ఇగ పెట్టు బిడ్డా."

స్వరూప ఉంగరపు వేలితో తీసుకుంది. మణికట్టు పూర్తిగా వంగక బొట్టు కొంచెం పక్కకు పడింది. ఎవరూ సరిచేయలేదు.