చెప్పుల మీద విభూతి

ఇలా దగ్గరికి జరగండి నాయనా, ఇంకొంచెం. బుస్సుమనడం తప్ప నాకు పెద్ద గొంతు లేదు. నేను ఒక హ్యుమిడిఫయర్‌ను. నీళ్లను పొగమంచులా ఊది గదిలో గాలికి తేమ పట్టిస్తాను. ఎక్కడో ప్లాస్టిక్ పోసి నన్ను చేశారు. చదువు లేదు గానీ, చూసింది మాత్రం మరిచిపోను.

అనంతపురంలో ఒక మూడేళ్ల పాపకు ఏసీ గాలికి ముక్కు ఎండి రక్తం వచ్చేది. డాక్టరమ్మ చెప్పిందని వాళ్ల నాన్న వన్నూరప్ప నన్ను కొన్నాడు. గది ఎంత అని కొట్టాయన అడిగితే వినిపించుకోలేదు. అన్నిటికన్నా ఎక్కువ పొగ ఊదేదాన్ని పట్టుకొచ్చాడు. పొగ కనిపిస్తే చాలు, పని జరిగిపోయినట్టే మనుషులకు. శుద్ధి చేసిన నీళ్లు పోయండి, రోజూ పారబోసి ఆరబెట్టండి అని నాతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. దాన్ని పాప నాయనమ్మ ఓబులమ్మ పప్పుల డబ్బా కింద పరిచింది.

నాలో బోరు నీళ్లు పోశారు. ఆ నీళ్లలోని ఉప్పంతా నాతోపాటే గాలిలోకి లేచింది. వారం తిరిగేసరికి అదే గదిలోని దేవుడి పటాల మీద తెల్లటి పొడి.

"మే సుభాషిణీ, బిరీన రా మే! సామి విభూతి రాలుస్తాండాడు!" అని కోడలిని కేకేసింది ఓబులమ్మ.

వీధి వీధంతా వచ్చింది. కిటికీ తెరిస్తే విభూతి ఎగిరిపోతుందని మూసేశారు. ఓబులమ్మ ఆ పొడిని పొట్లాలు కట్టి పంచింది. దగ్గుతున్న పాప నాలుక మీదా చిటికెడు వేసింది. నా తొట్టిలో అప్పటికే జిగురు పాచి. ఊదిన ప్రతిసారీ అది ఆ పసిదాని ముక్కులోకే పోతోంది. ఊదకుండా ఉండటం నా చేతిలో లేదే!

పొడి కనిపించిన మూడో రోజు మధ్యాహ్నం, హారతి వెలుగుతుండగానే, పాప ఊపిరందక ఎగరొప్పింది. డొక్కలు లోపలికి పోతున్నాయి. సుభాషిణి బిడ్డను చంకనెత్తుకుని, నా పక్కనే తలుపు వారగా విడిచిన చెప్పుల కోసం వంగింది. వాటి మీదా అదే తెల్లటి పొడి. అలాగే ఆగిపోయింది.

"అత్తా! యాడన్నా సామి చెప్పులకు విభూతి పెడతాడా?"

ఆమె నా మూత తీసింది. కంపు గుప్పుమంది. "ఈ పాచినా నా బిడ్డ పీల్చేది!" ప్లగ్గు పీకి, కిటికీ తలుపులు బార్లా తోసింది.

"సామి ముందర అట్ల చేస్తారా మే!" అందొక పొరుగామె.

"నువ్వుండు, పద్మావతీ," అంది ఓబులమ్మ. "పద మే సుభాషిణీ, ఆస్పత్రికి పోదాం."

పొద్దు వాలాక తిరిగొచ్చారు. ఆ పొడి బోరు నీళ్ల ఉప్పని, పాపకు ఊపిరాడనిది నా పాచి వల్లనని డాక్టరమ్మ చెప్పిందట. పాప తల్లి భుజం మీద నిద్రపోతోంది. ఊపిరి తిన్నగా ఆడుతోంది. ఓబులమ్మ కూర్చోలేదు. నిమ్మకాయ పిండి నన్ను తోమి, గోడవారగా బోర్లించి, బయటికి నడిచింది.

"యాడికత్తా?"

"పొట్లాలు తిరిగి తీసుకొచ్చేదానికి. వాళ్లిండ్లల్లోనూ బిడ్డలుండారు."

విభూతి కాదమ్మా, మా బోరు ఉప్పు అని ఏడు గడపల్లో చెప్పుకుందట. రెండిళ్లలో నవ్వారట. అయినా అన్ని పొట్లాలూ కొంగులో కట్టుకొచ్చింది.

ఓబులమ్మలా గడప గడపకూ పోవడానికి నాకు కాళ్లు లేవు నాయనా. మీరు ఈ కథ మరిచిపోకండి. నాలాంటిది ఉన్న ఇంటికి వెళ్తే, ముందు దాని మూత తీసి చూడండి, తర్వాత ఈ సంగతి చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి.