పక్కన ఎవరూ నడవకూడదు

“నీళ్ళు కాలిపోతున్నాయి. చెయ్యి పెట్టి చూడవా?” అన్నాడు అగోసు, పెరట్లో పీట మీద కూర్చుని.

హుయేఫా చెయ్యి పెట్టే చూసింది. అయినా ఇంకో చెంబు చన్నీళ్ళు కలిపి మొగుడి వీపు రుద్ది, ఎడమ కాలికి లాగు ఎక్కించి, భుజమిచ్చి లేపింది. పెరట్లోంచి గదిలోకి, గదిలోంచి వాకిట్లో ఆగిన మోటారుసైకిల్ టాక్సీ దాకా ఆ భుజమే. పోయిన వానాకాలంలో అతనికి పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఆ కుడి భుజం ఆమెది కాదు. రాత్రి పక్కమీద అటు తిరిగి పడుకుంటే సలుపు, ఇటు తిరిగితే అతను పిలుస్తాడేమోనని భయం.

“మా వాడు ఎదురుకాళ్ళతో పుట్టాడు. అందుకే అగోసు అని పేరు పెట్టాం. అలాంటి కాళ్ళు నీ చేతి కూడు తిన్నాకే పడిపోయాయి” అంటుంది అత్తగారు, వినడానికి చుట్టుపక్కల ఎవరైనా ఉంటే మరీను. బొహికాన్ సంతలో హుయేఫాకి పదేళ్ళుగా ఒక చోటుంది. మొక్కజొన్న పిండి పులియబెట్టి, ఉడికించి, ఆకుల్లో చుట్టి అకాసా అమ్మేది. ఆకు విప్పగానే ఆవిరి మొహాన కొట్టేది, ఎవరెవరో పేరు పెట్టి పిలిచేవారు. ఇప్పుడా చోట్లో పక్క అంగడి దోసీ ఖాళీ బుట్ట బోర్లించి కాపలా కాస్తోంది. నిన్న ఇంటికొచ్చి చెప్పింది: “ఇంక మూడు రోజుల్లో సంత. దానిక్కూడా రాకపోతే నీ చోటు వేరేవాళ్ళకిచ్చేస్తారట వదినా. ఇంక నావల్ల కాదు.”

దోసీ వెళ్ళాక హుయేఫా ఆ సంగతి కదిపింది. “నువ్వు సంతకి పోతే నన్ను పెరట్లోకి ఎవరు తీసుకెళ్తారు? మా అమ్మ మోస్తుందా?” అన్నాడు అగోసు. ఆ మాటతో సరి.

ఆస్పత్రిలో ఆరు నిమిషాల నడక పరీక్ష ఇది రెండోసారి. పొడవాటి వరండాలో ఈ కొసన ఒక గుర్తు, ఆ కొసన ఒక గుర్తు. మధ్యలో ఎంతదూరం నడిస్తే అంత. మొదటిసారి కొలిచిన కుర్రాడు హుయేఫా భుజమివ్వడం చూసి కూడా ఏమీ అనలేదు. పెళ్ళాం మరెక్కడ నడుస్తుంది? ఈసారి కొత్తగా వచ్చిన అయాబా అనే అమ్మాయి కొలుస్తోంది.

“అమ్మా, మీరెక్కడికి?”

“పడిపోతారమ్మా.”

“వెనకాల నేనుంటాగా. పక్కన ఎవరూ నడవకూడదు. మీరు నడిస్తే నేను కొలిచేది మీ నడక అవుతుంది. కూర్చోండి.”

కూర్చుంది. కూర్చోవడం చేతకాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, పైగుడ్డ బిగించి మళ్ళీ వదులు చేసింది. అగోసు మొదటి అడుగులోనే తూలాడు. ఆమె సగం లేచింది. అయాబా చూపుతోనే కూర్చోబెట్టింది.

అగోసు ఆ కొసకి వెళ్ళాడు, తిరిగాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ఎడమ పాదం ఈడుస్తున్నాడు, అయినా ఆగడంలేదు. చంకకర్రల ముసలాయన్ని దాటిపోతూ ఏదో జోకు కూడా వేశాడు. గదిలోంచి పెరట్లోకి దూరం ఈ వరండాలో ఓ మూలకైనా రాదు. ముందు ఆమెకి కళ్ళనీళ్ళు వచ్చాయి, సంతోషంతోనే. ఆ తర్వాత రాత్రులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నిన్న రాత్రి మంచినీళ్ళకి, మొన్న దోమతెరకి, అంతకుముందు ఊరికే కిటికీ దగ్గరికి, అన్నిటికీ లేపాడే! కోపం వచ్చింది. కోపంకన్నా ఎక్కువగా సిగ్గు వేసింది. ఎందుకంటే ఆ చెయ్యి భుజం మీద పడినప్పుడల్లా ఆమెకి బాగుండేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను అంతసేపు ఆమెని పట్టుకున్నది ఈ జబ్బులోనే. ఆ బరువుని ప్రేమనుకుంది, పిచ్చిది.

“చాలు, ఆగండి!” అంది అయాబా. “పోయినసారికి దాదాపు రెట్టింపు నడిచారు!” దూరం రాసుకుని, ఇంకో రోగిని పిలవడానికి వెళ్ళింది.

అగోసు మొహం వెలిగింది. హుయేఫా కనబడగానే ఆరిపోయింది. చెవి గోక్కున్నాడు.

“అదీ... నువ్వు పక్కనుంటే నాకు కాలు లేవదే. ఎందుకో మరి. నిజం. అమ్మతో మాత్రం అనకు.”

నిజమే చెప్తున్నాడని ఆమెకి తెలిసింది. అబద్ధమైతే పోట్లాడి ఊరుకునేది.

మెట్ల దగ్గర అతను అలవాటుగా చెయ్యి ఎత్తాడు. ఆమె భుజం దానంతటదే ముందుకి జరగబోయింది. ఆ జరగడం ఆమెకి తెలిసిపోయింది. ఒక మెట్టు దిగి, దూరంగా నిలబడింది.

“ఎల్లుండి సంత. నీళ్ళు కాచి పెట్టి పోతాను. పెరట్లోకి మీరే వెళ్ళండి.”

“పడిపోతే?”

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకి ఆమె భుజమే జవాబు.

“ఎదురుకాళ్ళతో పుట్టారుగా, లేవండి. నేను పక్కనుంటే కాలు లేవదన్నారు. ఇకనుంచి ఉండను.”