డిలీట్ చేసిన మెసేజ్ రుచి

పొద్దున్న ఆరున్నరకి అమ్మణ్ణి రేకుల కుండ కింద ఎండు కొబ్బరాకులు ముట్టిస్తుంది. అదే ఆరున్నరకి ఆవిడ భర్త కాశీవిశ్వనాథం మేస్టారు వీధరుగు మీద పడక్కుర్చీ వాల్చుకుని డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుంటారు. ఆత్రేయపురంలో ఆ ఇంటికి రెండు రకాల జనం వస్తారు. పూతరేకులు కావలసినవాళ్ళు పక్కసందులోంచి తిన్నగా వంటింటి గుమ్మానికి వెళ్తారు. ఇంగ్లీషు మాటలకి అర్థాలు కావలసినవాళ్ళు వీధి గుమ్మంలోంచి వచ్చి, మేస్టారికి నమస్కారం పెట్టి, ఆయన చెప్పింది ఓపిగ్గా విని, ఆ తరవాత వాళ్ళూ వంటింటికే వెళ్తారు.

మేస్టారు హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పారు. చెప్పారంటే మీనింగ్స్ రాయించారు. పాఠం మొదలెట్టకముందే బోర్డు మీద నిలువుగీత, దానికి ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క తెలుగు. రిగ్రెట్ అంటే చింతించుట, రిక్వెస్ట్ అంటే ప్రార్థించుట. ఆ ఊళ్ళో నలభై దాటినవాళ్ళు ఇప్పటికీ సెలవుచీటీ రాస్తే గుళ్ళో మొక్కుకున్నట్టే ఉంటుంది.

అమ్మణ్ణి చదివింది అయిదో తరగతి. ఏ బీ సీ డీలు జీ దాకా వచ్చు, అక్కణ్ణించి తడబడుతుంది. అయితే ఏ ఇంగ్లీషు మాటనైనా పూతరేకు మీద రాసి ఇస్తే, మడిచి నోట్లో వేసుకుని, రుచి చూసి, అర్థం చెప్పేస్తుంది. రాయడానికి పసుపు కలిపిన నెయ్యి ఓ గిన్నెలో, ఈనెపుల్ల ఒకటి, పొయ్యి పక్కనే ఉంటాయి. నీళ్ళతో రాస్తే రేకు కరిగిపోతుంది కాబట్టి నెయ్యి. ఊళ్ళోవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడలేదు. ఎండాకాలంలో నెయ్యి జారి అక్షరాలు కలిసిపోతున్నాయన్నదొక్కటే వాళ్ళ ఫిర్యాదు.

ఫోన్లో అర్థాలు దొరకవా అంటే, దొరుకుతాయి. ఫోను మాటకి అర్థం చెబుతుంది. అమ్మణ్ణి ఆ మాట అన్నవాళ్ళు మనసులో ఏం పెట్టుకుని అన్నారో చెబుతుంది. అందుకే అన్న మనిషిని తలుచుకుంటూ రాయాలి, అదొక్కటే షరతు. పంచాయతీ ఆఫీసులో పనిచేసే వెంకన్న ఓసారి పై ఆఫీసునుంచి వచ్చిన 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' రాసుకొచ్చాడు. అమ్మణ్ణి నమిలి, ఉప్పు వెయ్యని పప్పులా ఉంది, ఏం చెయ్యాలో ఆయనకే తెలీక నీ నెత్తిన పడేశాడు బాబూ, అంది. జయపాల్ ఇల్లు కడుతున్న తాపీమేస్త్రీ 'ఔటాఫ్ స్టేషన్' అని మెసేజ్ పెడితే ఆవిడ నాలిక్కి చింతచిగురు పప్పు తగిలింది. జయపాల్ బండేసుకుని వెళ్ళి చూస్తే మేస్త్రీ సొంత ఇంట్లో పీట మీద కూచుని అదే కలుపుకుంటున్నాడు. సత్యకుమారి తన భర్త స్కానింగు రిపోర్టులోని ఆఖరి ముక్కని రాసుకొచ్చిన రోజున మాత్రం అమ్మణ్ణి కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించింది. తరవాత, బెల్లం, అంది. ఆడవాళ్ళిద్దరూ పొయ్యి ముందు కూచుని తృప్తిగా ఏడ్చారు.

మేస్టారికి ఇది నలభై ఏళ్ళుగా మింగుడుపడని సంగతి. అర్థం అనేది కాంటెక్స్టుని బట్టి ఉంటుందనీ, కారం ఉప్పుల్ని బట్టి ఉండదనీ ఆయన వాదన. పెళ్ళయిన దగ్గర్నించీ ఆవిడ చెప్పిన ఒక్క అర్థాన్నీ ఆయన ఒప్పుకున్నది లేదు. ఒప్పుకోకపోయినా పన్నెండున్నరకి విస్తరి ముందు కూర్చునేవారు.

ఓ బుధవారం హరిచందన వచ్చింది. భాస్కరం గారమ్మాయి, గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. ఊరందరి అర్జీలూ గబగబా టైపు కొట్టే పిల్ల, ఆ పూట ఫోను పట్టుకుని అరుగు ముందు అరగంట తచ్చాడింది. ఆ పిల్లకి రామచంద్రపురం సంబంధం వచ్చింది. అబ్బాయి ఉదయ్‌భాస్కర్, కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో అతను మాట్లాడినవి మూడే మాటలు, అందులో రెండు "మంచినీళ్ళు చాలండి". వాళ్ళమ్మ రత్నమాణిక్యం గారు మాత్రం ముగ్గురికి సరిపడా మాట్లాడింది. కోరుకొండలో ఇంకో పిల్లని చూసి ఉంచామనీ, శుక్రవారంలోగా ఏ సంగతీ చెప్పెయ్యమనీ అని వెళ్ళింది.

హరిచందనకి నచ్చింది ఒకటే. పళ్ళెంలో అన్ని పూతరేకులుండగా అతను విరిగిపోయింది ఏరుకుని తిన్నాడు. అది చూసి ఆ పిల్ల మనసు కాస్త అటు మొగ్గింది. కానీ ఆ తరవాత ఫోన్లో వచ్చిన మెసేజ్‌లు చూస్తే ఆ మనిషేనా అనిపిస్తోంది. ఉద్యోగం మానను అంటే 'నో అబ్జెక్షన్'. కాకినాడలో కాపురమా అంటే 'యాజ్ ఎల్డర్స్ డిసైడ్'. ఒక్క మెసేజ్‌కీ వంక పెట్టడానికి లేదు, ఒక్కటీ మనిషి మాటలా లేదు. ఇలాంటి మనిషితో జన్మంతా ఎలా గడపడం అని భయం. వద్దంటే ఆ విరిగిన రేకు మనిషిని పోగొట్టుకుంటానేమోనని ఇంకో భయం.

మేస్టారు కళ్ళజోడు సవరించుకుని అన్నిటికీ మీనింగ్స్ చెప్పారు. నో అబ్జెక్షన్ అనగా అభ్యంతరము లేదు. హరిచందన తలూపి లోపలికి వెళ్ళింది.

అమ్మణ్ణి ఒక్కో రేకే తింటూ మొహం చిట్లించింది. మొదటిది ఇంగువ. రెండోది ఇంగువ. అయిదోదానికి ఆవిడ మజ్జిగ తెచ్చుకుని తాగింది. ఆరోదీ ఇంగువే.

"ఆ అబ్బాయి ఇంగువ ఎక్కువ తింటాడా అమ్మా?" అని అడిగింది.

హరిచందనకి అప్పుడు గుర్తొచ్చింది. ఇంగువ లేనిదే మా ఇంట్లో మజ్జిగైనా తాగమనీ, మా వాడికి మాత్రం ఆ వాసనే పడదనీ రత్నమాణిక్యం గారు పెళ్ళిచూపుల్లో పావుగంట చెప్పింది. ఆవిడ తన గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంటే వేళ్ళకి కూడా అదే వాసన. ఇన్నాళ్ళూ తను కబుర్లాడింది కాబోయే అత్తగారితోనని తెలిసి ఆ పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఇంకొకటుంది పిన్నిగారూ. పెళ్ళి గురించి మీరేమనుకుంటున్నారు అని అడిగాను. ఏదో పంపి వెంటనే తీసేశారు. రెండు నిమిషాలాగి 'మ్యూచువల్ అండర్‌స్టాండింగ్' అని వచ్చింది."

"ఆ రెండోది నాకొద్దు. ఇప్పటికే కడుపులో పోపు వేసినట్టుంది. ఆ తీసేసింది రాయి."

హరిచందన ఫోన్లో ఉన్నది ఉన్నట్టే 'దిస్ మెసేజ్ వాజ్ డిలీటెడ్' అని నేతి అక్షరాలతో రాసిచ్చింది. ఈ సందేశము తొలగింపబడినది అని అరుగుమీంచి మేస్టారు కేకేశారు. అమ్మణ్ణి నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది. లేత మామిడిపిందె కొరికినట్టు జివ్వుమంది, అంతలోనే రుచి మాయమైపోయింది. ఇంగువ వాసన మచ్చుకైనా లేదు. ఇది అబ్బాయే రాశాడమ్మా, రాసి భయపడ్డాడు, అని తేల్చింది. ఏం రాశాడో మాత్రం చెరిపేశాక అందదట. అతన్నే రప్పించి అతని చేత్తో రాయించమంది.

హరిచందన ఫోన్ చేస్తే రత్నమాణిక్యం గారే ఎత్తింది. శుక్రవారం పొద్దున్న ఇద్దరూ వచ్చారు. భాస్కరం గారింటికి వెళ్ళేముందు పూతరేకులు కొనుక్కుందామన్న వంకతో హరిచందన వాళ్ళని ఇక్కడికి తీసుకొచ్చింది. ఆ ఇంటి పద్ధతి రామచంద్రపురంలోనూ తెలుసు కాబట్టి రత్నమాణిక్యం గారు సంకోచపడలేదు. ఏం రాయాలో దారిలోనే కొడుక్కి చెప్పేసిందట కూడా. ఐ యామ్ వెరీ హ్యాపీ అని రాస్తాడండి, అంటూ ఆవిడే ముందుగా మెట్లెక్కింది. పొయ్యి దగ్గర ఇద్దరికి మించి చోటు లేదని లోపల్నించి అమ్మణ్ణి అంది. రత్నమాణిక్యం గారు వినిపించుకునే రకం కాదు. కొడుకు వెనకే లోపలికి నడుస్తూ, మాటవరసకి మేస్టారిని పలకరించింది.

"అయితే సంబంధం సెట్టయినట్టేనాండి మేస్టారూ?"

మేస్టారు నిటారుగా కూర్చున్నారు.

"సెట్ అన్నారా? అలా కూర్చోండమ్మా. ఆ మాటకి ఈ డిక్షనరీలో నాలుగు పేజీల అర్థాలున్నాయి. మీరు ఏ అర్థంలో అన్నారో చూద్దాం."

ఆవిడ కూర్చుంది. పెద్దాయన చెబుతుంటే లేచిపోయే అలవాటు ఆ వైపు వాళ్ళకి లేదు. పెళ్ళికొడుకు తల్లి అయినా సరే, మేస్టారి ముందు బెంచీమీద పిల్లే. సూర్యుడు అస్తమించుట, పెరుగు తోడుకొనుట, ఉచ్చు పన్నుట అంటూ ఆయన వరసగా మొదలెట్టారు. ఆవిడని ఆపడానికే ఆయన అలా చేశారా, లేక ఇన్నాళ్ళకి పూర్తిగా వినే మనిషి దొరికిందని ఆనందం పట్టలేక చేశారా అన్నది ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

లోపల ఉదయ్‌భాస్కర్ ఈనెపుల్ల పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. పుల్ల గట్టిగా నొక్కేసరికి మొదటి రేకు చిరిగింది. చిరిగిన ముక్కల్ని అతను మెల్లిగా ఏరుకుని నోట్లో వేసుకున్నాడు. హరిచందన గుమ్మం పక్కనించి అడిగింది, అన్నీ ఉండగా మీరు విరిగినవే తింటారేమండీ అని.

"వాటినెవరూ తీసుకోరు కదండీ" అన్నాడతను. అంతవరకూ ఆ పిల్లతో అతను అన్న పెద్ద మాట అదే.

ఇంగ్లీషులో కాకపోయినా హరిచందనకి ఆ మాట రుచి తెలిసిపోయింది. ఆ రోజు డిలీట్ చేసింది ఏంటో అదే రాయమంది. అతను వీధివైపు ఓసారి చూశాడు. అక్కడ మేస్టారు పదకొండో అర్థంలో ఉన్నారు. అతను తల వంచుకుని 'ఐ డోంట్ నో' అని రాశాడు.

అమ్మణ్ణి ఆ రేకు తింది. ఆవిడ ఇంకో రేకు అతని చేతికిచ్చి, మళ్ళీ రాయి నాయనా, అంది. అదీ తింది.

"నలభై ఏళ్ళల్లో ఈ మాట నాకెవరూ పెట్టలేదమ్మా. అందరూ తెలుసనే రాస్తారు" అని చెంగుతో మూతి తుడుచుకుంది. "వేడివేడి తెల్లన్నం. ఇంకా ఏమీ కలపలేదు. మీరిద్దరూ ఏది కలుపుకుంటే ఆ రుచి వస్తుంది."

హరిచందన ఈనెపుల్ల తీసుకుంది. పక్కనున్న విరిగిన రేకు ముక్క మీద తెలుగులోనే 'నాకూ తెలీదు' అని రాసి అతనికిచ్చింది. తెలుగుకి అమ్మణ్ణి అవసరం లేదు. అతను చదువుకుని, మడిచి, నోట్లో వేసుకుని, ఆ పిల్ల వంక చూసి నవ్వాడు. పెళ్ళిచూపుల్లో నవ్వి ఉంటే ఇంత గొడవే లేకపోయేది.

అప్పటికి ముప్ఫై రెండో అర్థం దగ్గర మేస్టారికి దగ్గొచ్చింది. ఆ సందులో రత్నమాణిక్యం గారు లేచి లోపలికొచ్చి, ఏం తేల్చారని అడిగింది.

"ఇద్దరికీ ఏమీ తెలీదటండి" అంది అమ్మణ్ణి. "ద్రాక్షారామంలో ముహూర్తం పెట్టించెయ్యండి."

తెలీకపోతే ముహూర్తమేంటో రత్నమాణిక్యం గారికి అంతుపట్టలేదు. గుమ్మంలోకి తిరిగి, దీనర్థమేంటండి మేస్టారూ, మీరైనా చెప్పండి, అంది. మేస్టారు డిక్షనరీ తిరగేశారు. వేలితో ఓ పేజీ వెతికారు. లోపలున్న ఇద్దరు పిల్లల మొహాలూ చూశారు. తరవాత పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు.

"ఆవిడ చెప్పాక ఇంక నేను చెప్పేదేముందండి" అన్నారు.

పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద వేస్తున్న అమ్మణ్ణి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆవిడ చేతిలో రేకు మాడడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.