అప్పన్న దండం

ఆరో కోను పెట్టి, ఏడోదాన్ని చంకన ఇరికించుకుని, అప్పన్న నడుం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఇంకా పద్నాలుగు పెట్టాలి. టాటానగర్‌లో గోల్‌మురి వైపు పోయే ఆ రోడ్డును సగం తవ్వేశారు. మిగిలిన సగంలోనే బళ్లన్నీ పోవాలి. మొదట్లో ఎర్ర వలయంలో ‘30’ అని రాసిన బోర్డు. అది దాటాక, మట్టిగుట్ట చాటున, చక్రాల మీద నిలబెట్టిన కెమెరా బండి. దాన్ని నడపడానికి మనిషి అక్కర్లేదు. ముప్పై దాటిన బండిని అదే కనిపెడుతుంది, అదే ఫొటో తీస్తుంది, చలానా తిన్నగా ఫోనుకే పంపుతుంది.

అప్పన్నకి యాభై ఎనిమిదేళ్లు. ఎండిపోయిన మనిషి. రేడియం జాకెట్టు ఎంత బిగించినా ఒక భుజం మీంచి జారుతూనే ఉంటుంది. తండ్రి ఆ ఊళ్లోనే రైల్వే గ్యాంగ్‌మన్. ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు, రాలేదు. ఆ తరవాత ముప్పై ఏళ్లలో పదకొండుమంది కాంట్రాక్టర్ల దగ్గర పనిచేశాడు. ఒక్కరికీ అతని పేరు నోటికి రాలేదు. ‘ఏయ్ తెలుగు’ అని పిలిచేవారు, పలికేవాడు.

అలాంటివాడికి ఈ రెండు నెలల్లో పేరొచ్చింది. దానికి కారణం కెమెరానే. అది రోజూ ఉండదు, ఒకరోజు ఇక్కడ పెడితే మర్నాడు ఇంకో రోడ్డుకి లాక్కుపోతారు. ఓ రోజు స్నేహితుడు సూర్యం కొడుకు సాయిచంద్, పార్శిళ్లు పంచే కుర్రాడు, బైకు మీద వస్తూ, “చాచా, హై క్యా?” అని, కెమెరా ఉందా అని అరిచాడు. పక్కనే సూపర్‌వైజర్ సూరజ్ ఉన్నాడు. నోరు విప్పే వీల్లేక అప్పన్న బళ్లని ఆపి పంపే జెండాలు చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. కుర్రాడికి అర్థమైంది. వారం తిరిగేసరికి పర్సుడీహ్ నుంచి ఇటు వచ్చే తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. కెమెరా ఉంటే దండం, లేకపోతే జెండా. హిందీవాళ్లు మాత్రం ఈ తెలుగువాళ్లకి ఎంత మర్యాదో అనుకున్నారు. ఒకాయనైతే ముచ్చటపడి, హ్యాండిల్ వదిలి తిరిగి దండం పెట్టి, చలానా కూడా అందుకుని వెళ్లాడు.

అప్పన్న ఆ దండాన్ని ఇంటి దగ్గర కూడా తలుచుకుని నవ్వుకునేవాడు. కూరల బజారులో ఎవరో ఒకరు “అప్పన్న బాబూ” అని పలకరించేవారు. ఆ పిలుపు కోసం అతను ఏ పనైనా చేసేవాడు.

ఇరవయ్యో కోను దగ్గర తవిటమ్మ తట్టలోకి కంకర ఎత్తుకుంటోంది. కెమెరా దాటి వంద అడుగుల్లో ఆమె పని. అప్పన్నలాగే ఆమెదీ శ్రీకాకుళం వైపే, మొగుడు పోయి తొమ్మిదేళ్లు.

“ఈయేళ కూడా దండాలేనేటి అన్నా?” అంది.

“కెమెరా ఉంది కదేటి మరి. మనోల్లు పాపం.”

“నీ కాడ నెమ్మదిగా వత్తన్నారు. కెమెరా దాటితే నా మీదనుంచే ఎగిరిపోతన్నారు. నీ దండం తెలీనోల్లే నయం, బెదురుతో సివరి దాకా నెమ్మదిగా ఎల్తన్నారు.”

“నీదంతా సోద్యమే సెల్లే,” అని నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. తట్ట ఎత్తుకుని, బళ్లు ఇటు రాకుండా కట్టిన తాడు లోపలి పక్కనుంచే వెళ్లిపోయింది. ఏనాడూ తాడు దాటి అడుగు పెట్టే మనిషి కాదు.

మూడు గంటలకి సాయిచంద్ వచ్చాడు. వెనక సీటు మీద మెడ దాకా పార్శిళ్లు. అప్పన్న చేతులు జోడించాడు. కుర్రాడు వేగం తగ్గించి, కెమెరా ముందు పెళ్లికొడుకులా నెమ్మదిగా సాగి, దాన్ని దాటగానే ఒక్కసారి గేరు మార్చాడు. అప్పన్న ఆ చప్పుడు విన్నాడు. తల తిప్పి చూశాడు కూడా. బైకు కంకర మీద జారింది. తాడు తెంపుకుని లోపలికి, తవిటమ్మ మీదికి వచ్చింది.

తవిటమ్మని జీపులో ఎక్కిస్తుంటే అప్పన్న చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. తల్లీ క్షమించు అనే అనుకున్నాడు. ఎదురుగా వస్తున్న రెండు బైకులు ఆ దండం చూసి టక్కున వేగం తగ్గించాయి. ఒకడు నవ్వి చెయ్యి ఊపాడు. అప్పన్న చేతులు విడదీసి వెనక్కి దాచుకున్నాడు. బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ట్రాఫిక్ వాళ్లు వచ్చేలోగా సూరజ్ తన ఫోనుకి కూడా వచ్చే కెమెరా లెక్క చూశాడు. “అఠ్ఠాయీస్,” అన్నాడు. ఇరవై ఎనిమిది. ముప్పై లోపే. మోకాలు చెక్కుకుపోయిన సాయిచంద్ నేల చూపులు చూస్తూ, ఆమే అడ్డం వచ్చిందన్నాడు. సూరజ్ అప్పన్న వైపు తిరిగాడు. “తూనే దేఖా?” నువ్వు చూశావా అని.

నిజం చెప్పాలంటే, కెమెరా దాటాక బండి ఎగిరిందని చెప్పాలి. కెమెరా దగ్గర ఎందుకు తగ్గిందో కూడా చెప్పాలి. అదంతా తన చేతుల సంగతే. అప్పన్న తల అడ్డంగా ఊపాడు. సూరజ్ తెగిన తాడు వైపు చూడకుండా కాగితం మీద రాసుకున్నాడు, ఆడమనిషి తాడు దాటి వచ్చిందని.

నాలుగున్నరకి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. సూరజ్ విని, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. “నహీ రహీ,” అన్నాడు మెల్లగా, ఇక లేదని. రోలరు ఆపేశారు.

సాయంత్రం కోన్లు తీస్తుండగా ఆటోలో కల్పన వచ్చింది. తవిటమ్మ కూతురు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. తల్లి సామాన్లేమైనా ఉంటే ఇమ్మంది. అప్పన్న చెప్పులూ, నీళ్ల సీసా, కడగని కేరేజీ తెచ్చి ఇచ్చాడు. ఆమె అందుకుని కదల్లేదు.

“బాబయ్యా, అమ్మ తాడు దాటిందని రాసినారట. అమ్మ ఎప్పుడైనా దాటిందేటి?”

అప్పన్న జారిన జాకెట్టుని భుజం మీదికి లాక్కున్నాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు. చెబితే రేపటి నుంచి ఈ జాకెట్టు ఉండదు, సూర్యం గుమ్మం తొక్కలేడు, బజారులో పలకరించేవాడు ఉండడు. ఇంత చిన్న లెక్క చూసుకుంటున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చూసుకున్నాడు.

“నాను సూడనేదమ్మా. కెమెరాలో ఇరవై ఎనిమిదే ఉంది.”

కల్పన కేరేజీ మూత గట్టిగా నొక్కింది.

“నువ్వే సెప్పినావంటే నిజమే అయ్యుంటది,” అంది. తల్లి చెప్పుల్ని చున్నీలో చుట్టుకుని ఆటో ఎక్కింది.

చివరి కోను తీయడానికి వంగినప్పుడు ఇంకో వస్తువు కనిపించింది. కూతురికి ఇవ్వడం మరిచిపోయాడు. ఆటో ఇంకా కనుచూపు మేరలోనే ఉంది, పిలిస్తే ఆగేది. పిలవలేదు. తెగిన తాడుకి లోపలి వైపే, కంకర కుప్ప మీద తవిటమ్మ చుట్టకుదురు, తట్ట కింద తలకి పెట్టుకునేది, పాత చీర పేలికలు మెలిపెట్టి చుట్టింది, మధ్యలో ఆమె తల ఆనిన పల్లం చెక్కుచెదరకుండా ఉంది.