కాస్త వదులుగా

ఆవగింజంత స్క్రూ చేతిలోంచి జారి కింద పడింది. అది మెట్ల కింది దుకాణం. ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు రోడ్డు మీదే నిలబడాలి. అయినా పడిన స్క్రూ ఒక పట్టాన దొరకదు. అద్దాలాయన మోకాళ్ళ మీద వంగి, దారానికి కట్టిన అయస్కాంతం ముక్కని నేల మీద ఊడుస్తున్నట్టు మెల్లగా లాగుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా రోజుకి ఒకసారైనా చేసే పనే. విసుక్కోడు. కంగారుపడితే పోయిన వస్తువు ఇంకా లోపలికి పోతుందని ఆయన నమ్మకం.

అయస్కాంతం గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఎదురుగా రెండు నల్ల బూట్లు.

ఆయన తల ఎత్తకముందే ఎడమ చెవిలో ఈల మొదలైంది.

ఆ ఈల ఇరవై మూడో ఏట వచ్చింది. సైకిలు పక్కకి తియ్యడం ఆలస్యమైందని జీపులోంచి దిగిన ఒకాయన చాచి ఒక్కటి కొట్టాడు. పేరు కూడా అడగలేదు. కొట్టి, జీపెక్కి వెళ్ళిపోయాడు. రోడ్డు నిండా జనం ఉన్నారు. ఎవరూ నోరు విప్పలేదు. ఒక్క మనిషి మాత్రం కింద పడ్డ సైకిలు లేపి, గోడకి ఆనించి, తల వంచుకుని తన దారిన పోయాడు. ఆ మనిషిని అద్దాలాయన ఇప్పటికీ తలుచుకుంటాడు. మంచివాడే అనుకుంటాడు. ఒక్క మాట కూడా అని ఉంటే ఎంత బాగుండేదో అనీ అనుకుంటాడు. ఆ చెవి మళ్ళీ సరిగా వినలేదు. భయం వేసినప్పుడు మాత్రం అందులో ఈల మోగుతుంది. పోలీసు స్టేషనుకి ఎదురుగా దుకాణం పెట్టుకున్నాడు కాబట్టి అది తరచుగానే మోగుతుంది.

"ఏం పెద్దాయనా, దండాలు పెడుతున్నావా?" అన్నాడు కానిస్టేబుల్. పాతికేళ్ళు కూడా ఉండవు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నవ్వబోయి మానేశాడు. జేబు రుమాలులో చుట్టిన కళ్ళజోడు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక అద్దం పగిలింది. సాయంత్రానికల్లా అయిపోవాలి. రేపు పొద్దున్న మనిషిని కోర్టులో పెట్టాలి."

"అలాగే సార్."

"ఇంకోటి." అతను వీధి వైపు చూశాడు. "కాడలు కాస్త వదులుగా చెయ్యి. మొహం కొంచెం వాచింది."

అతను వెళ్ళిపోయాక అద్దాలాయన రుమాలు విప్పాడు. నల్ల ఫ్రేము. కుడి కాడ మడత దగ్గర సన్నటి రాగి తీగ ఏడు చుట్లు చుట్టి ఉంది. ఆ ఏడు చుట్లూ తన చేత్తో చుట్టినవే. ఎడమ కాడ మీద నీలం రంగు చుక్క ఒకటి ఎండిపోయి ఉంది.

బోర్డులాయనది.

ఈ వీధిలో ఏ దుకాణం మీద తల ఎత్తి చూసినా బోర్డులాయన రాసిన అక్షరాలే కనిపిస్తాయి. అద్దాలాయన బోర్డు మీద రెండు కళ్ళు వేసింది ఆయనే. అందులో ఒక కన్ను పెద్దగా వచ్చింది. అదేంటని అడిగితే, "దానికి మీ అద్దం పెట్టాను. రెండోది ఇంకా మీ కొట్టుకి రాలేదు" అన్నాడు. నెలకోసారి జోడు తుడిపించుకోవడానికి వచ్చేవాడు. అద్దాలాయన గోటితో రంగు చుక్కలు గీకుతుంటే, "ఆ పసుపుది బట్టల కొట్టు, ఎరుపుది మందుల షాపు" అని చెప్పేవాడు. పోయిన వారం ఎవరో తోపుడు బళ్ళవాళ్ళు ఆయన చేత గుడ్డ మీద రాయించుకున్నారు, మమ్మల్ని ఈ వీధిలోంచి తియ్యొద్దు అని. ఆ గుడ్డ పట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసు ముందు కూర్చున్నారు. నీలం చుక్క దానిదే అయ్యుండాలి.

దుకాణానికి ఏ జోడు వచ్చినా దాన్ని కవరులో వేసి పైన నాలుగు ముక్కలు రాయడం ఆయన అలవాటు. ఎవరిది, పవరెంత, ఎవరు తెచ్చారు, ఏ పూట తెచ్చారు. పని నేర్పినాయన నేర్పిన మొదటి పాఠం అది. ఇవాళ కవరు తీశాడు, పెన్ను తీశాడు. మళ్ళీ రెండూ సొరుగులో పెట్టేశాడు. పొద్దున్న బయల్దేరేటప్పుడు ఆయన భార్య చెప్పులు సర్దుతూ రోజూ అనే మాటే అంది. "ఎవరి గొడవల్లోకీ వెళ్ళకండి. తిన్నగా వెళ్ళి తిన్నగా రండి." రోజూ అనే మాట కాబట్టి రోజూ వినపడదు. ఇవాళ వినపడింది.

పగిలిన అద్దం తీసి కొత్తది సానపడుతుండగా మధ్యాహ్నం అయింది. పవరు చూసుకోనక్కర్లేదు, నోటికి వచ్చు. కాడలు వంచడానికి చిన్న స్టవ్వు మీద ఇసుక డబ్బా పెట్టి, ఫ్రేముని వేడి ఇసుకలో గుచ్చాడు. అప్పుడే గుమ్మంలో నీడ పడింది. ఆయన డబ్బా మీద గుడ్డ కప్పేశాడు.

బోర్డులాయన భార్య. చేతిలో చిన్న ఫొటో. మూడు రోజులుగా అదే పట్టుకుని తిరుగుతున్నట్టుంది, అంచులు మెత్తబడిపోయాయి. ఫొటోలో ఆయనకు ఈ జోడే ఉంది.

"అన్నయ్యా, అసలు తీసుకురానేలేదంటున్నారు స్టేషన్లో. చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా జీపెక్కించింది వాళ్ళే. వీధంతా నిలబడి చూసింది. ఇప్పుడడిగితే అందరూ ఆ టైములో లోపలున్నారట, స్నానం చేస్తున్నారట. సాయంత్రం ఆరింటికి వీధంతా ఒక్కసారే స్నానం చేసిందట."

అద్దాలాయన సానరాయి వైపు చూస్తున్నాడు.

"వకీలు గారు ఒక్కటే అంటున్నారు. లోపల ఉన్నాడని చెప్పే మనిషి ఒక్కడు దొరికితే చాలట. ఇవాళే జడ్జి గారి దగ్గరికి పరిగెత్తి ఆర్డరు తెస్తారట. మీరు ఎదురుగానే కూర్చుంటారు కదా అన్నయ్యా. ఏమైనా చూశారా?"

ఇసుక వేడెక్కుతున్న వాసన వస్తోంది. గుడ్డ కింద నుంచి ఏదో అరుస్తుందేమో అన్నంత భయం వేసింది ఆయనకు.

"లేదమ్మా."

ఆమె నమ్మింది. అదే ఆయనకు కష్టంగా అనిపించింది.

"రేపటికి తెలుస్తుందిలే, చెల్లెమ్మా."

"రేపేంటి?"

"ఊరికే అన్నాను."

ఆమె ఫొటో చీర కొంగులో పెట్టుకుంది. "జోడు లేకపోతే ఆయనకి ఇంటి గుమ్మం కూడా కనపడదు. మొహాన ఉందో లేదో" అనుకుంటూ రోడ్డు మీదికి నడిచింది.

పక్క కొట్టు జిరాక్సాయన తొంగి చూశాడు. "మిమ్మల్నీ అడిగిందా? మిషను మోతలో నాకేం వినపడదమ్మా అన్నాను. అయినా ఊరికే పట్టుకుపోతారా చెప్పండి. ఏదో చేసే ఉంటాడు."

"బళ్ళవాళ్ళకి గుడ్డ మీద రాసిచ్చాడు."

"అదే మరి. మనం రాశామా? మనది కాపీలు తీసే పని. ఇన్నేళ్ళలో ఒక్క కాయితం చదివిన పాపాన పోలేదు. అందుకే నాకు బీపీ కూడా లేదు."

అద్దాలాయన లోపల లెక్క కట్టుకుంటున్నాడు. రేపు ఎలాగూ కోర్టుకి తెస్తారు. ఆమె అక్కడే చూస్తుంది. మధ్యలో ఉన్నది ఒక్క రాత్రి. ఒక్క రాత్రి కోసం తను నోరు తెరిస్తే, ఆ తరవాత భయపడాల్సిన రాత్రులన్నీ తనవి. భార్యవి, బట్టల షాపులో పనిచేసి చీకటి పడుతుండగా ఒంటరిగా ఇంటికొచ్చే కూతురివి. తను చేయగలిగింది జోడు బాగా చేయడం. అది చేస్తే చాలు.

అందుకని ఎన్నడూ చేయనంత శ్రద్ధగా చేశాడు. వేడెక్కిన కాడని బొటనవేలితో ఒత్తి, వెంట్రుకవాసి చొప్పున బయటికి వంచాడు. ఎంత వంచాలో కొలవడానికి ఎదురుగా మొహం లేదు. జోడు తనే పెట్టుకున్నాడు. లోకం అలుక్కుపోయింది. స్టేషను గోడ, గేటు, జెండా కర్ర అన్నీ ఒక్క ముద్దయ్యాయి. కాడకీ కణతకీ మధ్య రెండు వేళ్ళు దూర్చి చూశాడు. కొంచెం వాచింది అన్నాడు కదా. ఆ అబ్బాయి గొంతు గుర్తొచ్చింది. మళ్ళీ ఇసుకలో పెట్టి ఇంకాస్త వంచి, మూడో వేలు కూడా దూర్చాడు. నీలం చుక్క గీకడానికి గోరు పెట్టాడు గానీ మనసొప్పలేదు.

అయిదింటికి కానిస్టేబుల్ వచ్చాడు. లోపలికి రాలేదు.

"అయిపోయింది సార్. ఇదిగో..."

"ఇక అక్కర్లేదు. పారెయ్యి."

అద్దాలాయన చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నీ దగ్గరికి ఏ జోడూ రాలేదు. అర్థమైందా పెద్దాయనా?" ఆ మాటలో బెదిరింపు లేదు. బతిమాలుతున్నట్టుంది. మంచినీళ్ళు ఇమ్మన్నాడు. ఇస్తే తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

పన్నెండున్నరకి ఆమె వచ్చింది. అప్పటికి కాడలు ఇసుకలో ఉన్నాయి. అప్పటికి ఆ మనిషి ఉన్నాడా? ఆ ప్రశ్నకి జవాబు ఇక ఎవరూ చెప్పరు. అద్దాలాయన గ్లాసులో నీళ్ళు రోడ్డు మీద పారబోశాడు. తరవాత సొరుగు తీసి, దుకాణం పేరు అచ్చువేసిన కవరు తీశాడు. ఎవరిది, పవరెంత, ఎవరు తెచ్చారు, ఏ పూట తెచ్చారు. ఇవాళ ఒక ముక్క ఎక్కువ రాశాడు. కాడలు ఎందుకు వదులు చేయమన్నారో. కింద సంతకం పెట్టాడు.

జిరాక్సాయన కొట్టు కట్టేసే తొందరలో ఉన్నాడు. అద్దాలాయన మిషను అద్దం మీద కవరు బోర్లా పరిచి, రాగి తీగ కనపడేలా పక్కన కళ్ళజోడు పెట్టాడు. "రెండూ కలిపి ఒకే కాయితంలో రావాలి" అన్నాడు. జిరాక్సాయన ఆ కవరు చదివాడు. జీవితంలో మొదటిసారి చదివినట్టుంది. మొహంలో నెత్తురు లేదు. మూత దించి మీట నొక్కాడు. కాయితం బయటికి వస్తుండగా వీధిలోకి జీపు దూసుకొచ్చింది. చెవిలో ఈల. అద్దాలాయన కాయితం లాక్కుని, మడిచి చొక్కా లోపల పెట్టుకుని రోడ్డు మీద పడ్డాడు. వెనక షట్టరు దబ్బున పడింది.

జీపు బోర్డులాయన సందులోకే వెళ్ళింది. అద్దాలాయన చేరేసరికి జనం గోడల వెంబడి నిలబడి ఉన్నారు. ఇన్‌స్పెక్టరు ఆమెతో మెత్తగానే మాట్లాడుతున్నాడు. ఊరి చివర కాలవలో దొరికాడట. తాగి పడ్డట్టుందట. ఆసుపత్రికొచ్చి గుర్తుపట్టి సంతకం పెట్టాలట.

ఆమె ఏడవలేదు. "ఆయన కళ్ళజోడేది?" అంది.

"కాలవలో పోయుంటుందమ్మా."

"జోడు లేకుండా గుమ్మం దాటలేని మనిషి కాలవ దాకా ఎలా నడిచాడు?" ఆమె జనం వైపు తిరిగింది. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. "కళ్ళజోడేది?"

ఒకాయన నేల చూశాడు. ఒకావిడ తలుపు దగ్గరగా వేసుకుంది. చెవిలో ఈల ఎంత గట్టిగా ఉందంటే, అద్దాలాయనకు తన గొంతు తనకే వినపడలేదు.

"నా దగ్గరుందమ్మా."

సందంతా ఆయన వైపు తిరిగింది. ఆయన ముందుకొచ్చి, కాయితం ఆమె చేతిలో పెట్టి, జోడు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. లేదు. రెండో జేబు చూశాడు. లేదు. ఈ లోపల ఇన్‌స్పెక్టరు ఆమె చేతిలో కాయితం తీసుకుని చదివి, మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

"ఏది మరి జోడు?"

అద్దాలాయన మళ్ళీ మొదటి జేబు తడుముకున్నాడు.

"రండి పెద్దాయనా. కూర్చుని మాట్లాడుకుందాం." మొదటిసారి ఒక పోలీసు తనను రండి అన్నాడు. జీపు దాకా నడిచాడు. జీపు వెనక చెక్క మీద కూర్చున్నాక చూస్తే, జనం వెనక వరసలో జిరాక్సాయన నిలబడి ఉన్నాడు. గుప్పిట్లో షట్టరు తాళం చెవి. ఇద్దరి చూపులూ కలిశాయి. మూత కింద ఏం మిగిలిందో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్టరు తన చూపు వెంట ఎక్కడికి చూస్తాడోనని అద్దాలాయన గబుక్కున తల తిప్పేసుకున్నాడు. జీపు కదిలింది. జిరాక్సాయన మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. తాళం చెవి ఒక గుప్పిట్లోంచి రెండో గుప్పిట్లోకి మార్చుకున్నాడు.

మూసిన షట్టరు వెనక, మిషను మూత పూర్తిగా పడకుండా ఒక పక్క కాస్త పైకి లేచి ఉంది. దాని కింద చల్లారిన అద్దం మీద, సంతకం పెట్టిన కవరు పక్కన, వాచిన మొహం కోసం కాడలు వెడల్పుగా చాచుకుని, నీలం చుక్క ఉన్న కళ్ళజోడు బోర్లా పడి ఉంది.