చిన్నదాని మతిమరుపు

ఆపరేషన్ థియేటర్‌లో ఆవిడ "సరిపోయాయి" అంటే తప్ప పెద్ద డాక్టరు కుట్లు వేయడానికి సూది అందుకోడు. నెత్తురు అద్దిన గుడ్డలన్నీ కడుపులోంచి బయటికొచ్చాయో లేదో లెక్కపెట్టి చూడడం ఆ నర్సు పని. అక్కడ ఆవిడ మాటకు తిరుగులేదు. పుట్టింటి గుమ్మం తొక్కితే మాత్రం ఆవిడ ఒట్టి మతిమరుపు మేళం. చిన్నప్పుడెప్పుడో పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పాపానికి తగిలించిన బిరుదు అది. ఇంటిల్లిపాదీ అంత నమ్మకంగా అంటుంటే కాదనడం ఏం మర్యాద? అందుకే వెళ్లినప్పుడల్లా అక్కడ ఏదో ఒకటి మరిచిపోయి వచ్చేది.

అలాంటిది, అమ్మకే గర్భసంచి ఆపరేషన్ అవసరమైంది.

"అదుంటే నేను బల్లెక్కను. కత్తెర లోపలే వదిలేస్తుంది," అంది అమ్మ.

"ఆవిడ లేకపోతే నేను కత్తి పట్టనమ్మా," అన్నాడు డాక్టరు.

నడుముకే మత్తిచ్చారు కాబట్టి, అడ్డుతెర వెనక అమ్మ నోరు మెలకువగానే ఉంది. పని పూర్తయ్యాక డాక్టరు అడిగాడు. "సరిపోయాయా సిస్టర్?"

ఒక గుడ్డ తక్కువ. ఆ మాట చెప్పబోతుంటే తెర వెనక నుంచి అమ్మ అందుకుంది.

"మీరే ఓసారి చూసుకోండి డాక్టరుగారూ. మా చిన్నదానికి మతిమరుపు."

అందరూ నవ్వారు. నర్సు కూడా నవ్వింది. నవ్వుతుండగానే తన లెక్క మీద తనకే అనుమానం వచ్చింది. అసలు ఇచ్చిందే తక్కువేమో? తనే ఎక్కడో పడేసి మరిచిపోయిందేమో? తనకది మామూలేగా! "సరిపోయాయి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే అమ్మ కడుపు కుట్టేస్తారు. నర్సుకు చచ్చేంత భయమేసింది.

"లేదు సార్. ఒకటి లోపలే ఉంది. వెతకండి," అంది, అది తన గొంతేనా అనిపించేంత గట్టిగా.

డాక్టరు వెతికాడు. దొరికింది.

అమ్మ ఇంటికొచ్చాక మంచం చుట్టూ చుట్టాలు చేరారు.

"ఆ డాక్టరు దేవుడనుకోండి. కడుపులో గుడ్డ ఉండిపోతే వెతికి మరీ తీశాడు. మా చిన్నది అక్కడే ఉందిగా, ఉండిపోక ఏమవుతుంది!" అంది అమ్మ.

అందరూ గొల్లున నవ్వారు. నర్సు నోరు తెరిచింది. అమ్మ ముఖం నవ్వుతో కళకళలాడుతోంది. చెప్పాలనుకున్నది మింగేసి, తానూ నవ్వి, డ్యూటీకి టైమైందంటూ లేచింది.

వీధి మలుపు దాకా వెళ్లాక వెనక నుంచి అక్క కేక వినిపించింది.

"ఒసేయ్, నీ బ్యాగెవరు తీసుకెళ్తారే?"

నర్సు తన చేతులు చూసుకుంది. నిజంగానే మరిచిపోయింది.